హాస్కెల్‌లో జాబితా ఇన్‌స్టాన్స్, స్ట్రింగ్ ఇన్‌స్టాన్స్ ఢీకొంటున్నాయి: ఇన్‌కోహెరెంట్ ప్రాగ్మా పెట్టడం సరైన పరిష్కారమేనా?

పాలపిట్ట (ప్రశ్న)

అందరికీ నమస్కారం. లెక్కల నివేదికలను పాఠ్యరూపంలోకి మార్చే చిన్న లైబ్రరీ ఒకటి హాస్కెల్ అనే ప్రోగ్రామింగ్ భాషలో రాస్తున్నాను. కంపైలర్ జీహెచ్‌సీ 9.4. కోడ్‌ను కూడా తెలుగు అక్షరాల్లోనే ఇస్తున్నాను, పేర్లను బట్టి అసలు రూపం మీకు తెలిసిపోతుంది.

లైబ్రరీకి మూలం రెండర్ అనే టైప్ క్లాస్ (ఒక టైప్‌పై ఏయే మెథడ్‌లు పనిచేయాలో చెప్పే ఒప్పందం). దానిలో ఉన్న మెథడ్ ఒక్కటే:

క్లాస్ రెండర్ ఎ వేర్
  పాఠ్యం :: ఎ -> స్ట్రింగ్

ఇంట్‌కు (పూర్ణాంకం), చార్‌కు (అక్షర సంకేతం) వేర్వేరు ఇన్‌స్టాన్స్‌లు (ఆ క్లాస్‌ను ఒక టైప్‌కు అమలు చేసే నిర్వచనాలు) రాసిన తరువాత, జాబితాలకు ఈ కింది రెండింటిని చేర్చాను:

ఇన్‌స్టాన్స్ రెండర్ ఎ => రెండర్ [ఎ]
ఇన్‌స్టాన్స్ రెండర్ [చార్]

మొదటిది మూలకాలను కామాలతో విడదీసి చదరపు బ్రాకెట్లలో పెడుతుంది. రెండవది స్ట్రింగ్‌ను (హాస్కెల్‌లో అది చార్‌ల జాబితాయే) ఉన్నదున్నట్టుగా ఇస్తుంది. పాఠ్యం "గుంటూరు" అని పిలవగానే రెండు ఇన్‌స్టాన్స్‌లూ సరిపోతున్నాయని కంపైలర్ అభ్యంతరం చెప్పింది. స్ట్రింగ్ ఇన్‌స్టాన్స్‌పై ఓవర్‌లాపింగ్ అనే ప్రాగ్మా (కంపైలర్‌కు కోడ్‌లోనే ఇచ్చే సూచన) పెట్టాక ఆ అభ్యంతరం తొలగిపోయింది.

అసలు చిక్కు ఈ ఫంక్షన్ దగ్గర వచ్చింది:

పట్టిక :: రెండర్ ఎ => [ఎ] -> స్ట్రింగ్
పట్టిక ఎక్స్ఎస్ = "వివరాలు: " ++ పాఠ్యం ఎక్స్ఎస్

ఇక్కడ ఓవర్‌లాపింగ్ ప్రాగ్మా ఉన్నప్పటికీ మళ్ళీ అదే రకమైన ఎర్రర్ వచ్చింది. ఏ ఇన్‌స్టాన్స్‌ను తీసుకోవాలన్నది ఎ స్థానంలో ఏ టైప్ వస్తుందన్న దానిపై ఆధారపడి ఉంటుందనీ, మొదటిదే కావాలనుకుంటే రెండవ ఇన్‌స్టాన్స్‌ను ఇన్‌కోహెరెంట్‌గా కంపైల్ చేయవచ్చనీ ఆ సందేశం చివర సూచన కూడా ఉంది. ఆ సూచన ప్రకారం ప్రాగ్మాను మార్చగానే కంపైల్ అయింది. కానీ ఇప్పుడు పాఠ్యం "గుంటూరు" అంటే గుంటూరు అని వస్తుంటే, పట్టిక "గుంటూరు" అంటే [గ, ు, ం, ట, ూ, ర, ు] అని ఏడు ముక్కలుగా వస్తోంది. ఒకే విలువ, ఒకే మెథడ్, రెండు ఫలితాలు. ఇలా ఎందుకు జరుగుతోందో, దీన్ని ఎలా సరిచేయాలో వివరించగలరా?

గోరింట

పాలపిట్ట గారూ, ముందుగా ఇన్‌కోహెరెంట్‌ను తీసివేయండి. మీ ప్రోగ్రామ్‌లో ఆ ప్రాగ్మా చేసిన పని ఎర్రర్‌ను పరిష్కరించడం కాదు, ఎర్రర్ చెప్పవలసిన చోట కంపైలర్‌ను మౌనంగా ఉంచడం. ఎందుకో అర్థం కావాలంటే కన్‌స్ట్రెయింట్ (టైప్‌లో => గుర్తుకు ముందు రాసే షరతు) అనేది కంపైలర్ చేతిలో ఏ రూపం దాలుస్తుందో చూడాలి.

రెండర్ ఎ అనే కన్‌స్ట్రెయింట్ ఉన్న ప్రతి ఫంక్షన్‌కూ కంపైలర్ కనిపించని ఒక ఆర్గ్యుమెంట్‌ను చేరుస్తుంది. దాన్ని డిక్షనరీ అంటాం. ఆ టైప్‌కు సంబంధించిన మెథడ్‌లన్నీ అందులో ఉంటాయి. మీ పట్టిక ఫంక్షన్‌కు పిలిచినవారు అందించేది ఎ అనే మూలకం తాలూకు డిక్షనరీ మాత్రమే. ఫంక్షన్ లోపల మీరు పాఠ్యాన్ని పిలుస్తున్నది మూలకంపై కాదు, మొత్తం జాబితాపై. కాబట్టి రెండర్ [ఎ] డిక్షనరీని కంపైలర్ అక్కడికక్కడే, పట్టికను కంపైల్ చేస్తున్న ఆ క్షణంలోనే తయారు చేయాలి. ఆ క్షణంలో ఎ ఏమిటో దానికి తెలియదు. రేపు ఎవరో చార్ జాబితాతో పిలుస్తారా, ఇంట్ జాబితాతో పిలుస్తారా అన్నది ఆ ఫంక్షన్ శరీరంలో ఎక్కడా రాసి లేదు.

ఇప్పుడు జీహెచ్‌సీ పాటించే నియమాన్ని దీనికి అన్వయించండి. కావలసిన కన్‌స్ట్రెయింట్‌కు సరిపోయే ఇన్‌స్టాన్స్‌లన్నింటినీ అది ముందుగా సేకరిస్తుంది. వాటిలో ఒకటి మరొకదాని కంటే నిర్దిష్టమైనదై ఉండి, నిర్దిష్టమైనదానిపై ఓవర్‌లాపింగ్ గానీ, సాధారణమైనదానిపై ఓవర్‌లాపబుల్ గానీ రాసి ఉంటే, సాధారణమైనదాన్ని పక్కన పెడుతుంది. మీ మొదటి పిలుపు పనిచేసింది ఈ మెట్టు వల్లే. కానీ ఆ తరువాత ఇంకొక మెట్టు ఉంది. ఇప్పటికి సరిపోకపోయినా, టైప్ వేరియబుల్ స్థానంలో మరో టైప్ వచ్చినప్పుడు సరిపోయే అవకాశమున్న ఇన్‌స్టాన్స్‌లు ఇంకా ఏమైనా మిగిలాయా అని అది వెతుకుతుంది. అలాంటిది ఒక్కటి కనబడినా ఎంపికను నిరాకరిస్తుంది. ఎ అనేది చార్ అయ్యే అవకాశం ఉంది గనుక మీ స్ట్రింగ్ ఇన్‌స్టాన్స్ ఇక్కడ అడ్డుపడింది. ఇన్‌కోహెరెంట్ అని గుర్తించిన ఇన్‌స్టాన్స్‌లను ఈ రెండవ మెట్టులో లెక్కలోకి తీసుకోరు. అంటే భవిష్యత్తులో ఇది సరిపోయినా ఫరవాలేదు, దీని గురించి ఆలోచించవద్దని మీరు కంపైలర్‌కు హామీ ఇచ్చినట్టయింది. అది మీ మాట నమ్మి సాధారణ ఇన్‌స్టాన్స్‌ను పట్టికలో శాశ్వతంగా బిగించేసింది. అందుకే చార్ జాబితా వచ్చినా ఒక్కొక్క అక్షర సంకేతాన్నీ విడదీసి ముద్రిస్తోంది.

మీ ఇన్‌స్టాన్స్‌లను అలాగే ఉంచుకొని చేయగలిగిన సరైన మార్పు సిగ్నేచర్‌లో (ఫంక్షన్ టైప్‌ను చెప్పే పంక్తిలో) ఉంది:

పట్టిక :: రెండర్ [ఎ] => [ఎ] -> స్ట్రింగ్

ఇప్పుడు జాబితా డిక్షనరీనే పిలిచినవారు అందించాలి. పిలిచేచోట ఎ ఏమిటో తెలుసు కాబట్టి చార్ అయితే స్ట్రింగ్ ఇన్‌స్టాన్స్, ఇంట్ అయితే జాబితా ఇన్‌స్టాన్స్ ఎంపికవుతాయి. ఇలాంటి సిగ్నేచర్‌కు ఫ్లెక్సిబుల్‌కాంటెక్స్ట్స్ అనే ఎక్స్‌టెన్షన్ అవసరం. మీరు జీహెచ్‌సీ2021 భాషా సంచికను వాడుతుంటే అది అప్పటికే అమలులో ఉంటుంది. సిగ్నేచర్‌ను పూర్తిగా తీసివేసినా కంపైలర్ తానుగా రెండర్ ఎ => ఎ -> స్ట్రింగ్ అనే ఇంకా సాధారణమైన టైప్‌ను ఊహించేది, అప్పుడూ ఎంపిక పిలిచేచోటే జరిగేది. అంటే ఎంపికను ముందుగానే చేయమని దాన్ని బలవంతపెట్టినది మీరు రాసిన సిగ్నేచరే.

దీని ఖర్చు కూడా చెప్పాలి. పట్టికను పిలిచే ఫంక్షన్ కూడా పాలిమార్ఫిక్ (ఏదో ఒక టైప్‌కు కట్టుబడనిది) అయితే దాని సిగ్నేచర్‌లోనూ రెండర్ [ఎ] రాయాలి, దాన్ని పిలిచేదానిలోనూ రాయాలి. ఇలా కన్‌స్ట్రెయింట్ పైపైకి పాకుతూ పోతుంది. చిన్న లైబ్రరీలో ఇది భరించదగినదే. ఇంకో జాగ్రత్త ఏమిటంటే, ఆ రెండు జాబితా ఇన్‌స్టాన్స్‌లూ తప్పనిసరిగా ఒకే మాడ్యూల్‌లో ఉండాలి. సాధారణమైనది ఒక మాడ్యూల్‌లోనూ, స్ట్రింగ్‌ది మరో మాడ్యూల్‌లోనూ ఉంటే, రెండవదాన్ని ఇంపోర్ట్ చేసుకోని చోట చార్ జాబితాకు కూడా సాధారణ ఇన్‌స్టాన్సే ఎంపికవుతుంది. అప్పుడు ఎర్రర్ రాదు, హెచ్చరిక రాదు, ఏ ప్రాగ్మా దానిని పట్టుకోదు.

పాలపిట్ట

గోరింట గారూ, చాలా స్పష్టంగా వివరించారు, ధన్యవాదాలు. సిగ్నేచర్ మార్చగానే పట్టిక సరిగ్గా పనిచేసింది.

దీనికి అనుబంధంగా మరొక ప్రశ్న. షో (విలువను స్ట్రింగ్‌గా మార్చే ప్రామాణిక క్లాస్) ఉన్న టైప్‌లన్నింటికీ విడివిడిగా రాయనక్కరలేకుండా ఒకే ఇన్‌స్టాన్స్ ఇవ్వాలనీ, వారాల పేర్లు, నెలల పేర్లు వంటి ఎనమ్ టైప్‌లకు (విలువలను వరుసగా చెప్పగలిగేవాటికి) వేరే పద్ధతి ఉండాలనీ ఈ రెండింటినీ రాశాను:

ఇన్‌స్టాన్స్ షో ఎ => రెండర్ ఎ
ఇన్‌స్టాన్స్ (ఎనమ్ ఎ, బౌండెడ్ ఎ) => రెండర్ ఎ

షరతులు వేర్వేరుగా ఉన్నప్పటికీ ఇవి రెండూ ఒకే ఇన్‌స్టాన్స్‌కు నకళ్ళని కంపైలర్ అంటోంది. ఇక్కడ ఓవర్‌లాపింగ్ ప్రాగ్మాకు కూడా ఫలితం లేదు.

తాటిముంజ

కంపైలర్ దృష్టిలో అవి నిజంగానే నకళ్ళు. ఇన్‌స్టాన్స్‌ను ఎంచుకునేటప్పుడు జీహెచ్‌సీ బాణం గుర్తుకు కుడివైపున ఉన్న తలను మాత్రమే చూస్తుంది. ఎడమవైపున ఉన్న షరతులను ఎంపిక పూర్తయిన తరువాతనే తనిఖీ చేస్తుంది. మీ రెండింటి తలా రెండర్ ఎ. కాబట్టి షో ఎ => రెండర్ ఎ అన్న పంక్తికి షో ఉన్న ప్రతి టైప్‌కూ రెండర్ ఉందని అర్థం కాదు. ప్రపంచంలోని ప్రతి టైప్‌కూ రెండర్ ఈ పద్ధతిలోనే ఉంటుందనీ, ఎంచుకున్నాక ఆ టైప్‌కు షో లేకపోతే ఎర్రర్ ఇవ్వాలనీ దాని అర్థం. రెండింటిలో ఏదీ మరొకదాని కంటే నిర్దిష్టం కాదు గనుక ఓవర్‌లాపింగ్ ప్రాగ్మాకు అక్కడ పట్టు దొరకదు.

షరతులను ముందే చూసి, నెరవేరకపోతే వెనక్కి వచ్చి మరో ఇన్‌స్టాన్స్‌ను ప్రయత్నించవచ్చు కదా అని చాలామంది అడుగుతారు. దానికి అడ్డు వచ్చేది హాస్కెల్‌లో ఇన్‌స్టాన్స్‌ల సమితి ఎప్పుడూ తెరిచే ఉండడం. ఒక టైప్‌కు షో లేదని ఈరోజు నిర్ధారించుకొని రెండవదాన్ని ఎంచుకుంటే, రేపు ఎవరో మరో మాడ్యూల్‌లో ఆ షోను చేర్చినప్పుడు మీ ప్రోగ్రామ్ అర్థమే మారిపోతుంది. లేదు అన్న సమాచారంపై ఎంపిక ఆధారపడకూడదనే కంపైలర్ ఈ నియమాన్ని పాటిస్తుంది. ఈ నియమం కష్టపెట్టే సందర్భాలు ఉన్నా, ఇది సరైన నియమమనే నా నమ్మకం.

షో ఇన్‌స్టాన్స్‌ను ఒక్కదానినే ఉంచి దానిపై ఓవర్‌లాపబుల్ అని రాసినా నేను దాన్ని సిఫారసు చేయను. మీరు కొత్త రికార్డ్ టైప్ ఒకటి నిర్వచించి దానికి రెండర్ రాయడం మరచిపోతే, కంపైలర్ గుర్తు చేయదు. అది మౌనంగా షో వైపు జారుకుంటుంది. కన్‌స్ట్రక్టర్ పేర్లతో, ఫీల్డ్ పేర్లతో కూడిన ప్రోగ్రామర్ భాష నేరుగా వినియోగదారుడి నివేదికలో కనబడుతుంది. ఇన్‌స్టాన్స్ లేదని చెప్పే ఎర్రర్ మనకు చేసే మేలును ఇలా మన చేతులతోనే కోల్పోతున్నాం. ఆ పంక్తిని అనుమతించడానికి కంపైలర్ అన్‌డిసైడబుల్‌ఇన్‌స్టాన్సెస్ అనే ఎక్స్‌టెన్షన్ అడిగిందంటేనే అక్కడ ఆగి ఆలోచించాలి.

దీనికి బదులుగా నేను చేసేది న్యూటైప్ (ఉన్న టైప్‌ను కొత్త పేరుతో చుట్టడం), దానితో డిరైవింగ్‌వయా (ఆ చుట్టిన టైప్ ఇన్‌స్టాన్స్‌నే వాడుకోమని చెప్పడం). ఈ ఎక్స్‌టెన్షన్ 2018లో జీహెచ్‌సీ 8.6తో వచ్చింది. షో ద్వారా ముద్రించే పద్ధతికి ఒక పేరు, ఎనమ్ ద్వారా ముద్రించే పద్ధతికి మరొక పేరు పెట్టండి:

న్యూటైప్ షోద్వారా ఎ = షోద్వారా ఎ
న్యూటైప్ ఎనమ్‌ద్వారా ఎ = ఎనమ్‌ద్వారా ఎ

ఇన్‌స్టాన్స్ షో ఎ => రెండర్ (షోద్వారా ఎ)
ఇన్‌స్టాన్స్ (ఎనమ్ ఎ, బౌండెడ్ ఎ) => రెండర్ (ఎనమ్‌ద్వారా ఎ)

తలలు వేర్వేరు అయ్యాయి కాబట్టి ఢీ అన్న మాటే లేదు. తరువాత ఒక్కొక్క టైప్‌ను నిర్వచించేచోట అది ఏ పద్ధతిని అనుసరిస్తుందో ఒక్క పంక్తిలో చెప్పవచ్చు. నెల టైప్ కింద డిరైవింగ్ రెండర్ వయా (ఎనమ్‌ద్వారా నెల) అని, ఉష్ణోగ్రత టైప్ కింద డిరైవింగ్ రెండర్ వయా (షోద్వారా ఉష్ణోగ్రత) అని రాయండి. న్యూటైప్‌కూ లోపలి టైప్‌కూ మెమరీలో ఒకే రూపం ఉంటుంది గనుక నడిచేటప్పుడు అదనపు భారం ఉండదు. టైప్‌కు ఒక పంక్తి చొప్పున ఎక్కువ రాయవలసి వస్తుంది, నిజమే. కానీ ఎంపిక చేసినది ఎవరో, ఎక్కడ చేశారో ఆ పంక్తిలో కళ్ళకు కనబడుతుంది.

ఇదే ఆలోచన ప్రామాణిక లైబ్రరీలో ఎప్పటి నుంచో ఉంది. పూర్ణాంకాలకు కూడికతో ఒక మొనాయిడ్ (విలువలను జతచేసే పద్ధతి, దానికో తటస్థ విలువ), గుణకారంతో మరొక మొనాయిడ్ ఏర్పడతాయి. రెండూ సమానంగా సహజమైనవే. అందుకే ఇంట్‌కు నేరుగా మొనాయిడ్ ఇన్‌స్టాన్స్ ఇవ్వకుండా సమ్, ప్రొడక్ట్ అనే రెండు న్యూటైప్‌లను ఇచ్చారు. బూల్‌కు ఆల్, ఎనీ కూడా ఇదే కారణంతో వచ్చాయి.

ఇక మీ మొదటి ప్రశ్నకు తిరిగి వస్తాను. గోరింట గారు చెప్పినది పూర్తిగా సరైనదే, కానీ క్లాస్ మీ చేతిలోనే ఉంది కనుక అసలు ఢీ లేకుండానే చేయవచ్చు. షో క్లాస్‌ను గమనించండి. అందులోనూ ఇదే సమస్య ఉంది: ఇంట్ జాబితా బ్రాకెట్లలో రావాలి, చార్ జాబితా కొటేషన్ గుర్తులలో రావాలి. హాస్కెల్ 98 లోనూ, 2010 ప్రమాణంలోనూ [చార్] వంటి నిర్దిష్ట తలతో ఇన్‌స్టాన్స్ రాయడానికే అనుమతి లేదు. అయినా షో పనిచేస్తుంది. ఆ క్లాస్‌లో షోలిస్ట్ అనే అదనపు మెథడ్ ఒకటి పెట్టి, బ్రాకెట్ల పద్ధతిని దానికి డిఫాల్ట్‌గా ఇచ్చి, చార్ ఇన్‌స్టాన్స్‌లో మాత్రం దాన్ని మార్చి రాశారు. మీరూ అదే చేయండి:

క్లాస్ రెండర్ ఎ వేర్
  పాఠ్యం :: ఎ -> స్ట్రింగ్
  జాబితాపాఠ్యం :: [ఎ] -> స్ట్రింగ్

జాబితాపాఠ్యానికి కామాల పద్ధతిని డిఫాల్ట్‌గా ఇవ్వండి. చార్ ఇన్‌స్టాన్స్‌లో జాబితాపాఠ్యం అంటే ఇచ్చిన స్ట్రింగ్‌నే తిరిగి ఇవ్వడం అని రాయండి. ఇక జాబితాకు ఒకే ఒక్క ఇన్‌స్టాన్స్ ఉంటుంది. అందులో పాఠ్యం అంటే జాబితాపాఠ్యమే. మీ పట్టిక ఫంక్షన్‌కు పాత సిగ్నేచర్, రెండర్ ఎ తోనే, సరిపోతుంది. ఎందుకంటే జాబితాను ఎలా రాయాలన్న సమాచారం ఇప్పుడు మూలకం డిక్షనరీలోనే ప్రయాణిస్తోంది. ప్రాగ్మా ఒక్కటీ అక్కరలేదు. మాడ్యూల్‌ను ఇంపోర్ట్ చేయకపోతే ఏమవుతుందన్న భయమూ లేదు.

చింతచిగురు

ఈ చర్చకు దగ్గరగా ఉన్న మరో చిక్కు నాకు ఎదురైంది, ఇక్కడే అడుగుతున్నాను. మా పరీక్షల కోడ్‌లో క్విక్‌చెక్ (యాదృచ్ఛిక విలువలతో పరీక్షించే లైబ్రరీ) వాడుతున్నాం. టెక్స్ట్ టైప్‌కు ఆర్బిట్రరీ (ఆ విలువలను తయారు చేసే క్లాస్) ఇన్‌స్టాన్స్ లేదని మేమే ఒక మాడ్యూల్‌లో రాసుకున్నాం, అందులో తెలుగు అక్షరాల పరిధి నుంచే పాఠ్యం తయారయ్యేలా చేశాం. ఇటీవల క్విక్‌చెక్-ఇన్‌స్టాన్సెస్ ప్యాకేజీని చేర్చగానే, అందులోనూ టెక్స్ట్‌కు ఆర్బిట్రరీ ఉండడంతో కొన్ని పరీక్షలు కంపైల్ కావడం లేదు. ఆ ప్యాకేజీ నుంచి టెక్స్ట్ ఇన్‌స్టాన్స్ ఒక్కదానిని దాచి మిగతావి తెచ్చుకునే మార్గం ఏదైనా ఉందా?

సన్నజాజి

చింతచిగురు గారూ, లేదు. హాస్కెల్‌లో ఇన్‌స్టాన్స్‌కు పేరు ఉండదు, కాబట్టి ఇంపోర్ట్ జాబితాలో దాన్ని ఎంచుకోవడానికీ, దాచడానికీ వీలు లేదు. ఒక మాడ్యూల్‌ను ఇంపోర్ట్ చేస్తే అందులోని ఇన్‌స్టాన్స్‌లన్నీ, అది ఇంపోర్ట్ చేసుకున్న మాడ్యూల్‌లలోని ఇన్‌స్టాన్స్‌లన్నీ వెంట వస్తాయి.

మీవి రెండూ ఆర్ఫన్ ఇన్‌స్టాన్స్‌లు. క్లాస్‌ను నిర్వచించిన మాడ్యూల్‌లోనూ కాక, టైప్‌ను నిర్వచించిన మాడ్యూల్‌లోనూ కాక మూడో చోట పుట్టిన ఇన్‌స్టాన్స్‌ను అలా పిలుస్తారు. ఆ రెండు చోట్లలో ఒకదానిలో ఉన్న ఇన్‌స్టాన్స్ రెండవసారి పుట్టడం చాలా కష్టం, ఎందుకంటే క్లాస్‌నూ టైప్‌నూ వాడేవారందరికీ అది అప్పటికే కనబడుతుంది. మూడో చోటు అయితే అలాంటి మూడో చోట్లు ఎన్నైనా ఉండవచ్చు, ఒకదాని సంగతి మరొకదానికి తెలియదు. క్విక్‌చెక్-ఇన్‌స్టాన్సెస్ ఉద్దేశం మంచిదే. అందరూ విడివిడిగా రాసుకునే బదులు ఆర్ఫన్‌లన్నింటినీ ఒకేచోట ఉంచడానికే అది ఉంది. కానీ దాన్ని వాడాలని నిర్ణయించుకుంటే మీ సొంతదాన్ని వదులుకోవాలి.

మీ విషయంలో మీ ఇన్‌స్టాన్స్‌కు ప్రత్యేక ప్రయోజనం ఉంది గనుక దాన్ని వదలవద్దు, దానికి టైప్ ఇవ్వండి. తెలుగుపాఠ్యం అనే న్యూటైప్‌లో టెక్స్ట్‌ను చుట్టి, మీ ఆర్బిట్రరీని దానికి రాయండి. పరీక్షలో ఏ ప్రాపర్టీకి తెలుగు అక్షరాలే కావాలో అక్కడ ఆ టైప్‌ను అడగండి, మిగతాచోట్ల మామూలు టెక్స్ట్ ప్యాకేజీ పద్ధతిలో వస్తుంది. అది ఇక ఆర్ఫన్ కాదు, ఎవరితోనూ ఢీకొనదు. ఏ పరీక్ష ఏ రకం పాఠ్యాన్ని ఆశిస్తోందో దాని టైప్‌లోనే చదివేవారికి తెలుస్తుంది కూడా.

మీకు ఎర్రర్ రావడం ఒక రకంగా అదృష్టమే, ఈ మాట గట్టిగా చెప్పాలి. హాస్కెల్ 2010 ప్రమాణం ప్రకారం ఒక టైప్‌ను ఒక క్లాస్‌కు ప్రోగ్రామ్ మొత్తం మీద ఒక్కసారే ఇన్‌స్టాన్స్‌గా ప్రకటించాలి. కానీ జీహెచ్‌సీ ఈ నియమాన్ని మొత్తం ప్రోగ్రామ్‌పై తనిఖీ చేయదు. ఒక ఇన్‌స్టాన్స్‌ను చూసిన మాడ్యూల్ ఒకటి, మరొకదాన్ని చూసిన మాడ్యూల్ ఇంకొకటి ఉండి, రెండూ ఒకేచోట అవసరం కాకపోతే రెండూ నిశ్శబ్దంగా కంపైల్ అవుతాయి. ఆర్బిట్రరీ విషయంలో దీనివల్ల పెద్ద నష్టం లేదు. ఆర్డ్ (విలువలను క్రమంలో పోల్చే క్లాస్) విషయంలో అలా కాదు.

డేటా.సెట్ అనే సమితి లోపల సమతూకంగా పెరిగే ఒక వృక్షం ఉంటుంది. మూలకాలను ఏ క్రమంలో పోల్చాలన్న ఫంక్షన్‌ను ఆ వృక్షం తనలో దాచుకోదు. చేర్చే ప్రతి పిలుపుకూ, వెతికే ప్రతి పిలుపుకూ ఆర్డ్ డిక్షనరీ బయటి నుంచే వస్తుంది. ఇప్పుడు ఒక మాడ్యూల్‌లో ఒక టైప్‌కు ఆరోహణ క్రమంలోనూ, మరో మాడ్యూల్‌లో అదే టైప్‌కు అవరోహణ క్రమంలోనూ ఆర్ఫన్ ఆర్డ్ ఇన్‌స్టాన్స్‌లు ఉన్నాయనుకోండి. మొదటి మాడ్యూల్ కట్టిన సెట్‌ను రెండవ మాడ్యూల్ వెతికితే, ఉన్న మూలకం కూడా లేదని జవాబు రావచ్చు. వెతుకులాట ప్రతి కొమ్మ దగ్గరా తప్పు వైపుకు మళ్ళుతుంది. టైప్‌లన్నీ సరిపోయాయి, కంపైలర్ ఒక్క మాటా అనలేదు, ఫలితం మాత్రం తప్పు. రెండు ఇన్‌స్టాన్స్‌లు ఉండకూడదన్న నియమం కేవలం కంపైలర్ సౌకర్యం కోసం పెట్టినది కాదని నేను అనేది ఇందుకే. డేటా.సెట్, డేటా.మ్యాప్ వంటి నిర్మాణాల సరితనం నేరుగా దానిపైనే నిలిచి ఉంది.

ఇతర భాషలు దీన్ని ఎలా ఎదుర్కొన్నాయో చూస్తే విషయం ఇంకా స్పష్టపడుతుంది. రస్ట్‌లో ట్రెయిట్ (క్లాస్ వంటిది) గానీ టైప్ గానీ మీ క్రేట్‌కు (ప్యాకేజీకి) చెందినదై ఉండకపోతే ఇంప్లిమెంటేషన్ రాయడానికే కంపైలర్ ఒప్పుకోదు. ప్యూర్‌స్క్రిప్ట్ కూడా ఆర్ఫన్‌లను నిషేధించింది. అయితే ఓవర్‌లాప్ అవసరమైనవారికి ఇన్‌స్టాన్స్‌లను ఒక వరుసలో ఎల్స్ అనే పదంతో కలిపి రాసే పద్ధతిని ఇచ్చింది. వరుస మొత్తం ఒకే మాడ్యూల్‌లో, ఒకేచోట ఉండాలి కాబట్టి కొత్త సభ్యుడు ఎక్కడి నుంచో వచ్చి చేరే ప్రమాదం లేదు. హాస్కెల్‌కు కూడా ఇలాంటిది ఉంటే బాగుండునని నా కోరిక. స్కాలా దారి పూర్తిగా వేరు. అక్కడ ఒకే టైప్‌కు ఎన్ని ఇన్‌స్టాన్స్‌లైనా ఉండవచ్చు, ఏది వర్తించాలన్నది స్కోప్‌ను బట్టి, ఏది ఏ ట్రెయిట్ నుంచి వారసత్వంగా వచ్చిందన్న దాన్ని బట్టి నిర్ణయమవుతుంది. ఆ స్వేచ్ఛకు తగినట్టుగానే స్కాలా ట్రీసెట్ తన ఆర్డరింగ్‌ను తనలోనే దాచుకుంటుంది. హాస్కెల్ సెట్‌కు ఆ రక్షణ లేదు, ఒకే ఇన్‌స్టాన్స్ ఉంటుందన్న హామీయే దాని రక్షణ.

మీ ప్రాజెక్ట్‌లో ఆర్ఫన్స్ హెచ్చరికను ఎర్రర్‌గా మార్చి ఉంచండి. ఎక్కడైనా తప్పనిసరి అయితే ఆ మాడ్యూల్ ఒక్కదానిలోనే, కారణాన్ని కామెంట్‌గా రాసి, దాన్ని ఆపివేయండి. ఒక్క నియమం మాత్రం సడలించవద్దు: ఇతరులు వాడే లైబ్రరీలో ఆర్ఫన్ ఉండకూడదు. అప్లికేషన్‌లో అయితే నష్టం మీ ఇంటి గోడలు దాటదు.

వేపపువ్వు

పైన చెప్పినవాటిలో చాలావరకు నాకు సమ్మతమే. కానీ ఓవర్‌లాపబుల్ ఎప్పుడూ తప్పే అన్న అభిప్రాయం చదివేవారికి కలగకూడదని ఒక సందర్భాన్ని ప్రస్తావిస్తున్నాను.

మొనాడ్ ట్రాన్స్‌ఫార్మర్‌ల (ఒక మొనాడ్‌కు అదనపు సామర్థ్యాన్ని చేర్చే టైప్‌ల) మీద మీ సొంత క్లాస్ ఒకటి, ఉదాహరణకు లాగ్ రాసే సామర్థ్యం, నిర్వచించారనుకోండి. ప్రతి ట్రాన్స్‌ఫార్మర్ ద్వారా దాన్ని పైకి ఎత్తడానికి లిఫ్ట్ ఒక్కటే సరిపోతుంది. కాబట్టి మొనాడ్‌ట్రాన్స్ టీ ఉన్న ఏ టీ కైనా వర్తించే ఒకే ఇన్‌స్టాన్స్ రాసి, దానిపై ఓవర్‌లాపబుల్ పెట్టి, అసలు పని చేసే మీ సొంత ట్రాన్స్‌ఫార్మర్‌కు మాత్రం వేరే ఇన్‌స్టాన్స్ ఇవ్వడం చాలా ప్రాజెక్టుల్లో కనబడుతుంది. ఇక్కడ సాధారణ ఇన్‌స్టాన్స్‌కు, నిర్దిష్ట ఇన్‌స్టాన్స్‌కు మధ్య ఒక స్పష్టమైన సంబంధం ఉంది: ఒకటి కిందికి అందిస్తుంది, మరొకటి అందుకొని పని చేస్తుంది. దీనికి భిన్నంగా ఎంటీఎల్ లైబ్రరీ మాత్రం ఒక్కొక్క క్లాస్‌కు ఒక్కొక్క ట్రాన్స్‌ఫార్మర్‌కూ విడిగా ఇన్‌స్టాన్స్ రాసుకుంది. వాటి సంఖ్య క్లాస్‌ల సంఖ్యను ట్రాన్స్‌ఫార్మర్‌ల సంఖ్యతో గుణించినంత. విస్తృతంగా వాడే లైబ్రరీకి ఆ శ్రమ సబబే. ఒకే బృందం వాడే అప్లికేషన్‌లో ఓవర్‌లాపబుల్ ఒక్క పంక్తి సబబే అని నా అభిప్రాయం.

ఒక చారిత్రక విషయం కూడా ఇక్కడ ఉపయోగపడుతుంది. 2015లో వచ్చిన జీహెచ్‌సీ 7.10కి ముందు ఈ అనుమతి మాడ్యూల్ మొత్తానికి వర్తించే ఎక్స్‌టెన్షన్ రూపంలో ఉండేది. ఏ ఇన్‌స్టాన్స్ దేనితో ఢీకొనడానికి సిద్ధపడిందో చదివేవారికి తెలిసేది కాదు. ఇప్పుడు ఒక్కొక్క ఇన్‌స్టాన్స్‌పైనే ప్రాగ్మా రాస్తున్నాం. పాత పుస్తకాల్లో, పాత వ్యాసాల్లో ఓవర్‌లాపింగ్‌ఇన్‌స్టాన్సెస్ అని ఫైల్ తలపై రాయమని కనబడితే దాన్ని అనుసరించవద్దు.

తాటిముంజ

వేపపువ్వు గారూ, ఆ ఉదాహరణను అంగీకరిస్తాను, ఒక షరతుతో. అక్కడ మీ సాధారణ ఇన్‌స్టాన్స్ తల టీ ఎమ్ అన్న ఆకారంలో ఉంది, ఒంటరి ఎ కాదు. ఆ ఆకారంలోకి రాని టైప్‌లకు ఇన్‌స్టాన్స్ లేదన్న ఎర్రర్ ఇంకా వస్తుంది. కానీ స్టేట్ ట్రాన్స్‌ఫార్మర్ వంటివాటికి మామూలు లిఫ్ట్ సరిపోయినా, లోపలి కంప్యుటేషన్‌ను ఆర్గ్యుమెంట్‌గా తీసుకునే మెథడ్‌లు, ఉదాహరణకు ఎర్రర్‌ను పట్టుకునే క్యాచ్ వంటివి, లిఫ్ట్ ఒక్కదానితో పైకి రావు. క్లాస్‌లో అలాంటి మెథడ్ ఒక్కటి చేరిన రోజున ఆ ఒక్క పంక్తి పరిష్కారం నిలవదు.

పాలపిట్ట

అందరికీ కృతజ్ఞతలు. జాబితాపాఠ్యం మెథడ్‌ను క్లాస్‌లో చేర్చి, స్ట్రింగ్ ఇన్‌స్టాన్స్‌నూ, ప్రాగ్మాలనూ తొలగించాను. పట్టిక పాత సిగ్నేచర్‌తోనే గుంటూరును సరిగ్గా ముద్రిస్తోంది. షో, ఎనమ్ పద్ధతులను న్యూటైప్‌లుగా మార్చే పని జరుగుతోంది. అలా మారుస్తుండగా రెండర్ ఇన్‌స్టాన్స్ లేని రికార్డ్ టైప్‌లను కంపైలర్ ఒక్కొక్కటిగా చూపిస్తోంది, ఇన్నాళ్ళూ అవి షో రూపంలోనే నివేదికలోకి వెళ్తున్నాయన్నమాట.

ఒక చిన్న సందేహం మిగిలింది. స్ట్రింగ్ స్థానంలో టెక్స్ట్‌ను వాడితే ఈ మెథడ్ అవసరమే ఉండదు కదా?

గోరింట

ఉండదు. టెక్స్ట్ అనేది జాబితా కాదు, దానికి తనదైన తల ఉంది, కాబట్టి రెండర్ టెక్స్ట్ అన్న ఇన్‌స్టాన్స్ జాబితా ఇన్‌స్టాన్స్‌తో ఎన్నడూ ఢీకొనదు. కొత్తగా రాస్తున్న లైబ్రరీ గనుక పాఠ్యం మెథడ్ ఫలితాన్ని కూడా టెక్స్ట్‌గా మార్చుకోవడం మంచిది. అయితే మీ లైబ్రరీని వాడేవారు స్ట్రింగ్ విలువలను తెచ్చి ఇస్తూనే ఉంటారు, ఎందుకంటే షో ఫలితం, ఫైల్ పేర్లు, కమాండ్ లైన్ ఆర్గ్యుమెంట్‌లు నేటికీ స్ట్రింగ్‌లే. చార్‌కు రెండర్ ఇన్‌స్టాన్స్ ఉన్నంతకాలం జాబితాపాఠ్యాన్ని ఉంచండి. చార్ ఇన్‌స్టాన్స్‌నే తీసివేయగలిగితే రెండింటినీ కలిపి తీసివేయండి. అప్పుడు ఎవరైనా స్ట్రింగ్ ఇచ్చినా, చార్‌కు రెండర్ లేదని కంపైలర్ అక్కడే ఆపుతుంది.